కాలేజీ బాస్కెట్‌బాల్ సిమ్యులేషన్ లీగ్‌లో చిన్న జట్లను నిలబెట్టేదెలా?

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌ను అనుకరించే ఒక ఆన్‌లైన్ లీగ్‌ను మిత్రులతో కలిసి నడుపుతున్నాను. డ్యూక్, కెంటకీ వంటి పేరున్న పెద్ద జట్లకు వాస్తవంలో ఉన్న ప్రతిష్ఠనే పాయింట్లుగా ఇచ్చినందువల్ల మేటి ఆటగాళ్లందరూ ఏటా అటే పోతున్నారు. చిన్న జట్టు తీసుకున్న మిత్రుడొకరు మూడు సీజన్లు ఓపికగా తీర్చిదిద్దిన పాయింట్ గార్డు (బంతిని నడిపిస్తూ జట్టు దాడిని మలిచే ఆటగాడు) కూడా చివరకు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారదలచిన ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే వ్యవస్థ) ద్వారా పెద్ద జట్టులోనే చేరాడు. నిజంగా జరిగేదీ ఇదే కదా అంటే కాదనలేను. అలాగని అందరినీ సమానం చేస్తే, 2018 జాతీయ టోర్నీలో అట్టడుగు ర్యాంకైన 16వ సీడ్‌తో దిగిన చిన్న జట్టు యూఎంబీసీ (మేరీలాండ్ విశ్వవిద్యాలయం, బాల్టిమోర్ కౌంటీ) 74-54 తేడాతో అగ్రసీడ్ వర్జీనియాను ఓడించినటువంటి అద్భుతానికి విలువే ఉండదు. ప్రతిష్ఠ పాయింట్లను గెలుపోటములను బట్టి ఏటా కొంత సవరించడం మేలా, లేక బదిలీలకు పరిమితి విధించడం మేలా? ఇటువంటి లీగ్ నడిపిన అనుభవం ఉన్నవారు, తాము ఎంత శాతం సవరణతో మొదలుపెట్టారో దయచేసి తెలియజేయగలరు.