మోకాలు మార్చాక ఎముక గట్టిపడుతుందా, పలచబడుతుందా?

సీతమ్మధార కోడలు: మా అత్తగారికి 67. ఈమధ్యే కుడి మోకాలు మార్పిడి అయింది, కర్రతో బాగానే తిరుగుతున్నారు. ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ ఎవరూ రాయలేదు. అడిగి చేయించాలా, నడక చాలా?

గాజువాక మాస్టారు: నడక చాలమ్మా. నొప్పితో మంచం పట్టిన మనిషి లేచి తిరిగితే ఎముక అదే గట్టిపడుతుంది. స్కాన్లు, మాత్రలు అంటే ఖర్చూ టెన్షనూ తప్ప ఏముంది?

ఎంవీపీ ఫిజియో: మాస్టారూ, నడక ముఖ్యమే, కాదనను. కానీ కొత్త కీలు చుట్టూ జరిగేది వేరు. మోకాలి దగ్గర తొడ ఎముకకి తొడిగిన లోహం బరువుని తనే మోస్తుంది, దాని వెనకున్న ఎముకకి పని తగ్గుతుంది. బరువు పడని చోట ఎముక పలచబడుతుందని జర్మన్ సర్జన్ జూలియస్ వోల్ఫ్ 1892లోనే రాశాడు. అక్కడ ముందువైపు సాంద్రత ఏడాది రెండేళ్లలో ఐదో వంతు, కొందరిలో ఇంకా ఎక్కువ తగ్గినట్టు కొలతలున్నాయి. ఎక్కువ భాగం తొలి నెలల్లోనే పోతుంది, తర్వాత నెమ్మదిస్తుంది.

మోకాలి కింది ఎముక సంగతి మరోలా ఉంటుంది. దొడ్డికాళ్లవాళ్లకి ఏళ్లతరబడి లోపలివైపే బరువు పడి అక్కడ ఎముక గట్టిపడి ఉంటుంది. కాలు తిన్నగా అయ్యాక అది కొంత తగ్గుతుంది. దాన్ని జబ్బనుకోకూడదు, బరువు సర్దుకోవడమే.

మాస్టారు: అయితే స్కాన్‌లో అదంతా కనిపిస్తుందా?

ఫిజియో: కనిపించదు. మామూలు డెక్సా తుంటినీ వెన్నునీ చూస్తుంది. అయినా అమ్మగారికి చేయించమనే అంటాను. 65 దాటిన ఆడవాళ్లకి మోకాలితో సంబంధం లేకుండానే అది అవసరం. రిపోర్టులో టి స్కోరు, అంటే ఆరోగ్యంగా ఉన్న యువతుల ఎముకతో పోల్చి ఇచ్చే అంకె, మైనస్ 2.5 లేదా ఇంకా కింద ఉంటే బోలు ఎముకల జబ్బు. అలాంటి మనిషి జారిపడితే లోహానికి సరిగ్గా పైన తొడ ఎముక విరగొచ్చు, దాన్ని అతికించడం మొదటి ఆపరేషన్‌కన్నా కష్టం. నా భయమంతా అదే. జబ్బులేని యాభై ఏళ్ల మగవాళ్లందరికీ స్కాన్ రాయమని మాత్రం అనను.

మాస్టారు: సరే, స్కాన్ ఒప్పుకుంటా. రిపోర్టు రాకుండా మాత్రలు మాత్రం వద్దు.

ఫిజియో: నేనూ వద్దనే అంటాను. అలెండ్రొనేట్ లాంటి ఎముక అరుగుదల తగ్గించే మాత్రలు కీలు చుట్టూ తొలి తగ్గుదలని అడ్డుకుంటాయి గానీ అందరికీ ఇవ్వాల్సినవి కావు. కిడ్నీ పరీక్ష, విటమిన్ డి చూశాకే డాక్టరు నిర్ణయించాలి. కోడలుగారూ, పొద్దున్నే బళ్లని రానివ్వని బీచ్ రోడ్డు మీద నడిపించండి, ఇసుకలోకి ఇప్పుడే దించకండి.