ఆరో అంతస్తులో 400 వాట్లు: ఆంప్లిఫయర్ కొనడం సబబా, యాంటెన్నాయే ముందా?

ఆరో_అంతస్తు:
అందరికీ నమస్కారం. నేను కూకట్‌పల్లిలో ఒక అపార్టుమెంటు ఆరో అంతస్తులో ఉంటున్నాను. హామ్ రేడియోలో సాధారణ తరగతి లైసెన్సు, 100 వాట్ల రిగ్ (మాట పంపి, వినే రేడియో సెట్టు) ఉన్నాయి. బాల్కనీ నుంచి డాబా మీది నీళ్ల ట్యాంకు దాకా కట్టిన 20 మీటర్ల ఎండ్ ఫెడ్ (ఒక కొస నుంచే శక్తి అందే) తీగ ఒక్కటే నా యాంటెన్నా. అపార్టుమెంటు సంఘం అంతకు మించి ఒప్పుకోలేదు. సాయంత్రపు నెట్‌లో (ఒకే ఫ్రీక్వెన్సీలో అందరూ కలిస్తే, ఒకరు వరుసగా పిలిచి మాట్లాడించే సమావేశంలో) నా మాట ఎవరికీ అందడం లేదని, రెండు ఎంఆర్‌ఎఫ్300 ట్రాన్సిస్టర్లున్న ఆంప్లిఫయర్ బోర్డు, 48 వోల్టుల 1000 వాట్ల ఎస్‌ఎంపీఎస్ సప్లై (ఇంటి కరెంటును 48 వోల్టులకు మార్చి ఇచ్చే పెట్టె) కొన్నాను. అమ్మినవారు 600 వాట్లు వస్తాయన్నారు కానీ లైసెన్సులో ఉన్న 400 వాట్ల హద్దు దాటే ఉద్దేశం నాకు లేదు. 20 మీటర్ల (14 మెగాహెర్ట్జ్) బ్యాండులో అంతా సవ్యంగానే ఉంది. 40 మీటర్ల (7 మెగాహెర్ట్జ్) బ్యాండులో మాత్రం గొంతు కాస్త పెంచగానే సప్లై ఆగిపోయి, రెండు క్షణాల తరువాత దానంతటదే లేస్తోంది. ఆ సమయంలో హాల్లో ఎల్‌ఈడీ దీపాలు మినుకుమంటున్నాయి. ఇంకా పెద్ద సప్లై కొనాలా? లేక ఈ బోర్డు అమ్మేసి, 811ఏ ట్యూబుల పాత లీనియర్ (ట్యూబు ఆంప్లిఫయర్) ఒకటి దొరుకుతోంది, దాన్ని తీసుకోవాలా?

పొలంగట్టు:
రెండూ వద్దు. 100 వాట్లను 400 చేస్తే పెరిగేది 6 డెసిబెళ్లు, అంటే ఎస్ మీటరు (అందే సంకేతపు బలం చూపే మీటరు) మీద సరిగ్గా ఒక్క యూనిట్. ఆ ఒక్క గీత కోసం ఇన్ని వేలు పోసేకంటే ఆ డబ్బుతో మంచి తీగ, మంచి కేబులు కొనుక్కోవచ్చు. యాంటెన్నా బాగుపడితే వినడం కూడా బాగుపడుతుంది. ఆంప్లిఫయర్ పెడితే నోరు మాత్రమే పెద్దదవుతుంది, చెవులు అంతే ఉంటాయి. మీరు పిలుస్తూనే ఉంటారు, బదులిచ్చినవారు మీకు వినబడరు, ఆ ఫ్రీక్వెన్సీలో ఉన్న మిగతావారంతా మీ కోసం ఆగాల్సి వస్తుంది.

నదీతీరం:
పొలంగట్టు గారితో ఏకీభవిస్తున్నాను. ముందు యాంటెన్నా.

టంకం_పొగ:
అడిగిన ప్రశ్నకు జవాబు చెబుతాను. ట్యూబు లీనియరే తీసుకోండి. 811ఏ ట్యూబులు గ్రౌండెడ్ గ్రిడ్ పద్ధతిలో పనిచేస్తాయి కాబట్టి మీ రిగ్ ఇచ్చే అరవై డెబ్బై వాట్లను నేరుగా తీసుకుంటాయి. మీరు కొన్న బోర్డుకు నాలుగైదు వాట్లు చాలు. రిగ్‌ను 5 వాట్లకు తగ్గించి పెట్టినా, పీటీటీ (మాట్లాడే మీట) నొక్కిన తొలి క్షణంలో ఏఎల్‌సీ (శక్తిని అదుపు చేసే సర్క్యూటు) అందుకునే లోపల చాలా రిగ్‌లు పూర్తి శక్తిని ఒక్కసారి వదులుతాయి. ఆ ట్రాన్సిస్టర్ గేటు (సంకేతం లోపలికి అందే కాలు) పది వోల్టులకు మించి ఓర్చుకోదు, రెప్పపాటులో పోతుంది. ట్యూబు అయితే ప్లేటు ఎర్రబడి హెచ్చరిస్తుంది, మనం చెయ్యి తీసే దాకా బతికే ఉంటుంది. పైగా ట్యూబు లీనియర్ చివర ఉండే పై (π ఆకారపు) నెట్‌వర్కు హార్మోనిక్కులను (అసలు ఫ్రీక్వెన్సీకి రెట్లలో వచ్చే అనవసర సంకేతాలను) చాలావరకు అక్కడే అణిచేస్తుంది. మీ బోర్డు తరువాత లో పాస్ ఫిల్టరు (ఆ రెట్ల సంకేతాలను ఆపేది) పెట్టారా? ఆ సంగతి మీరు రాయలేదు. అది లేకపోతే మూడో హార్మోనిక్కు అసలు సంకేతం కన్నా 10, 15 డెసిబెళ్లు మాత్రమే తక్కువగా ఉంటుంది. అంటే మీరు 7 మెగాహెర్ట్జ్‌లో 400 వాట్లు పంపుతూ, మీకు తెలియకుండానే 21 మెగాహెర్ట్జ్‌లో పన్నెండు నుంచి నలభై వాట్ల దాకా పంపుతున్నట్టే.

ఆరో_అంతస్తు:
ఫిల్టర్ల బోర్డు విడిగా కొని పెట్టాను, బ్యాండును బట్టి అందులోని స్విచ్‌లు (రిలేలు) మారుతాయి. పొలంగట్టు గారూ, నా యాంటెన్నా ఎందుకు అలా ఉందో మొదటి పోస్టులోనే రాశాను.

కొలత_ముఖ్యం:
కొనడం గురించి తరువాత మాట్లాడుకుందాం, ముందు రోగం ఏమిటో తేల్చాలి. బోర్డు సామర్థ్యం 55 శాతం అనుకుంటే, 400 వాట్లకు సప్లై నుంచి సుమారు 730 వాట్లు కావాలి. 48 వోల్టుల దగ్గర అది 15 ఆంపియర్లు. మీ సప్లై 20 ఆంపియర్లకు పైగా ఇవ్వగలదు. కాబట్టి 400 దగ్గర సప్లై చిన్నదనడానికి వీల్లేదు. 600 తీయబోతే మాత్రం అది చేతులెత్తేస్తుంది, ఎందుకంటే అప్పుడు 1100 వాట్ల దాకా అవసరమవుతుంది. గొంతు పెంచినప్పుడు మీ పీకులు (క్షణకాలపు గరిష్ఠ శక్తి) 400 దాటుతున్నాయేమో చూడండి. మామూలు వాట్ మీటరు ముల్లు సగటు దగ్గర ఊగుతుంది, పీకును చూపదు.

పీకులు 400 లోపే ఉంటే మిగిలిన అనుమానం ఒక్కటే. యాంటెన్నా తీసేసి 500 వాట్లు తట్టుకునే 50 ఓముల డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు శక్తిని వేడిగా మింగే నిరోధం) తగిలించి, అదే బ్యాండులో, అదే గొంతుతో మాట్లాడండి. అక్కడ కూడా సప్లై ఆగితే లోపం సప్లైలోనో, వైరింగులోనో ఉంది. ఆగకపోతే యాంటెన్నాకు వెళ్లే కోక్సియల్ కేబులు పైతొడుగు మీదుగా రేడియో శక్తి వెనక్కి వచ్చి, సప్లై లోపలి నియంత్రణ సర్క్యూటును తికమక పెడుతోందని అర్థం. సరైన కౌంటర్‌పాయిజ్ (తిరుగు విద్యుత్తుకు దారిచ్చే రెండో తీగ) లేని ఎండ్ ఫెడ్ తీగలతో ఇది తరచుగా ఎదురయ్యే సమస్య. దీపాలు మినుకుమనడం కూడా అటే చూపిస్తోంది.

మరొక సంగతి కూడా ఉంది, ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఎండ్ ఫెడ్ తీగ మొదట్లో ఇంపెడెన్సు (రేడియో విద్యుత్తుకు ఎదురయ్యే నిరోధం) రెండున్నర వేల ఓములకు దగ్గరగా ఉంటుంది. 400 వాట్లు పంపితే అక్కడ వెయ్యి వోల్టులు, పీకులో 1400 వోల్టులు ఉంటాయి. మీ తీగ బాల్కనీలోనే మొదలవుతోంది. అక్కడ బట్టలు ఆరేసేవారుంటారు, పిల్లలుంటారు. ఆ కొసను చేతికందని ఎత్తుకు మార్చకుండా ఆంప్లిఫయర్ వేయకండి.

కొత్త_వీయూ3:
నాకు ఇలాగే సప్లై ఆగేది. ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేస్తే తగ్గిపోయింది. ఒకసారి ప్రయత్నించండి.

టంకం_పొగ:
కొత్త_వీయూ3 గారూ, దయచేసి ఆ పిన్ను ఈ రోజే తిరిగి పెట్టండి. ఎస్‌ఎంపీఎస్ లోపల ఇన్సులేషన్ దెబ్బతిన్న రోజున మీ రిగ్ లోహపు పెట్టె 230 వోల్టులతో నిలబడి ఉంటుంది, మీ చేతిలో మైకు ఉంటుంది. ఆరో అంతస్తు నుంచి కిందికి దిగే ఎర్త్ తీగ 7 మెగాహెర్ట్జ్ దగ్గర ఎర్త్‌గా పనిచేయదన్నది నిజమే. ఇరవై మీటర్ల పొడవున్న ఆ తీగ తానే సగం తరంగపు యాంటెన్నా అవుతుంది. కానీ దానికి మందు చోక్ (కేబులు పైతొడుగు మీది రేడియో శక్తిని ఆపే ఫెరైట్ రింగు) పెట్టడం, పిన్ను పీకేయడం కాదు.

ఆరో_అంతస్తు:
పిన్ను జోలికి వెళ్లను. కొలత_ముఖ్యం గారూ, స్నేహితుడి దగ్గర డమ్మీ లోడ్ ఉంది, రేపు తెచ్చి చూస్తాను. తీగ కొసను ఈ రోజే పై చూరుకు మార్పించాను.

పొలంగట్టు:
నేను చెప్పిన లెక్కకు ఎవరూ జవాబివ్వలేదు. 6 డెసిబెళ్లు, ఒక్క ఎస్ యూనిట్. ఇది కాదనగలరా?

విశాఖ_తీరం:
లెక్క సరైనదే, దాని నుంచి మీరు తీసిన ముగింపు సరికాదు. ఒక యూనిట్ అంటే 6 డెసిబెళ్లన్నది ప్రమాణం. చాలా రిగ్‌ల మీటర్లు ఎస్9 కింద ఆ ప్రమాణాన్ని పాటించవు, మూడు నాలుగు డెసిబెళ్లకే ఒక గీత ఎక్కుతాయి. అది పక్కన పెట్టినా, ఎస్9 దగ్గర వినబడే మీకు ఆ 6 డెసిబెళ్లు కనిపించవు. రణగొణ ధ్వనిలో సగం మునిగిన మాటకు అవే 6 డెసిబెళ్లు కాల్‌సైన్ (స్టేషను గుర్తింపు పేరు) అర్థమవడానికీ, అర్థం కాకపోవడానికీ మధ్య ఉన్న తేడా. ఎక్కడ నిలబడి కొలుస్తున్నామన్నది ముఖ్యం.

పొలంగట్టు:
నేను మీటర్ల గురించి వాదించడం లేదు. మూడు నెలలుగా సాయంత్రం 7 గంటల నెట్‌లో ఒక స్టేషను నుంచి అటూ ఇటూ ఆరేడు కిలోహెర్ట్జ్‌ల మేర చిందులు వస్తున్నాయి. ఆంప్లిఫయర్‌ను అతిగా తోసి, కంప్రెసర్‌ను (గొంతును గట్టిపరిచే మీటను) చివరిదాకా తిప్పి, పక్క ఫ్రీక్వెన్సీలో మాట్లాడుకునే వారందరి మాటా చెడగొడుతున్నారు. నెట్ నడిపేవాడిగా ఆ తిట్లన్నీ నాకు వస్తున్నాయి. ఇలాంటి చౌక బోర్డులు వచ్చాకే ఈ బాధ మొదలైంది. అందుకే కొనవద్దంటున్నాను.

కొలత_ముఖ్యం:
చిందులకు కారణం బోర్డు ధర కాదు, దాన్ని హద్దు దాటించి తోయడం. ట్యూబు లీనియర్‌ను తోసినా అంతే చిందుతుంది. నివారణ చౌకగానే ఉంది. రిగ్‌కూ బోర్డుకూ మధ్య 50 వాట్లు తట్టుకునే 10 డెసిబెళ్ల అటెన్యుయేటర్ (శక్తిని పదో వంతుకు తగ్గించేది) పెడితే, రిగ్‌ను 40 వాట్ల దగ్గర నడిపినా బోర్డుకు అందేది 4 వాట్లే. తొలి క్షణపు పోటు 100 వాట్లకు పోయినా బోర్డుకు 10 వాట్లు మించి చేరదు. గేటు బతుకుతుంది, సంకేతం శుభ్రంగా ఉంటుంది.

ఆరో_అంతస్తు:
పొలంగట్టు గారూ, ఇన్నాళ్లూ అనకుండా ఉన్న మాట ఈ రోజు అంటాను. మీకు ఎకరాల పొలం, అరవై అడుగుల టవరు ఉన్నాయి. చుట్టూ రణగొణ లేదు. మాకు పక్క ఫ్లాటు ఇన్వర్టరు, లిఫ్టు మోటారు, వందల ఎల్‌ఈడీ డ్రైవర్లు కలిసి ఎస్7 ధ్వని నిరంతరం ఉంటుంది. "ముందు యాంటెన్నా" అన్న సలహా యాంటెన్నా కట్టుకునే చోటు ఉన్నవారికే పనికొస్తుంది. నెట్‌లో నేను మీకు ఎస్3గా వినబడతాను. "బలహీనంగా ఉన్నారు, తరువాత చూద్దాం" అని మీరు ముందుకు వెళ్లిపోతారు, ఆ తరువాత నన్ను మళ్లీ పిలవరు. ఎస్9 వారు వాతావరణం గురించి, పంటల గురించి అరగంట మాట్లాడుకుంటారు. నేను ఈ ఆంప్లిఫయర్ కొన్నది దూరదేశాలతో మాట్లాడడానికి కాదు, మీ జాబితాలో నా కాల్‌సైన్ రాయించుకోవడానికి.

నదీతీరం:
నేను కూడా నెట్‌కు రావడం మానేసింది ఇందుకే. ఇంతకు ముందు రాసిన మాటకు ఇది విరుద్ధంగా ఉన్నా చెప్పక తప్పడం లేదు.

పొలంగట్టు:
ఇది అన్యాయమైన ఆరోపణ. ముప్ఫై మంది వరుసలో ఉన్నప్పుడు వినబడని ఒకరి కోసం ఐదు నిమిషాలు ఆగితే మిగతావారు రిగ్ కట్టేసి వెళ్లిపోతారు. నెట్ నడవాలంటే క్రమం ఉండాలి. ఎవరినీ చిన్నచూపు చూడలేదు.

విశాఖ_తీరం:
ఇప్పుడు అసలు విషయానికి వచ్చారు. ఈ చర్చ వాట్ల గురించి కాదు, నెట్ ఎవరి కోసం అన్నదాని గురించి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు కరెంటు, సెల్‌ఫోన్లు రెండూ పోయాయి. అలాంటి రోజున నగరం లోపలి నుంచి మాట్లాడేవారికి 400 వాట్లు ఎక్కడి నుంచి వస్తాయి? కారు బ్యాటరీ మీద 20 వాట్లు, కిటికీ నుంచి వేలాడే తీగ, అంతే. అవతల వినేవారికి ఎస్3 మాటను ఏరుకోవడం అలవాటై ఉండాలి. ఆ అలవాటు సాయంత్రపు నెట్‌లో రావాలి, తుపాను రోజున నేర్చుకోలేం. పొలంగట్టు గారూ, ఈ జిల్లాల్లో అందరికన్నా మంచి చెవి మీ టవరుకే ఉంది. బలహీన స్టేషన్లను మొదట పిలిచి, బలమైనవారిని తరువాత పిలవండి. మీకు వినబడకపోతే రిలే అడగండి, అంటే వినబడిన మరొకరిని ఆ మాట తిరిగి చెప్పమనండి. మీరు క్రమం అన్నారు కనుక చెబుతున్నాను, అది కూడా ఒక క్రమమే.

టంకం_పొగ:
దానితో నాకు పేచీ లేదు, కానీ ప్రశ్న అడిగిన ఆయనకు ఆంప్లిఫయర్ వద్దనకండి. తుపాను లేని రోజులే ఎక్కువ.

ఆరో_అంతస్తు:
డమ్మీ లోడ్ మీద 40 మీటర్లలో గట్టిగా మాట్లాడి చూశాను. పీక్ మీటరు 390 దగ్గర ఉంది, సప్లై ఒక్కసారి కూడా ఆగలేదు, దీపాలు కదలలేదు. తిరిగి తీగ తగిలించగానే మొదటి మాటకే ఆగింది.

కొలత_ముఖ్యం:
అయితే సప్లై కొనవద్దు, బోర్డు అమ్మవద్దు. తీగ మొదట్లో ఉండే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె దగ్గర రెండు మీటర్ల తీగను కౌంటర్‌పాయిజ్‌గా కట్టండి. అక్కడి నుంచి రెండు మూడు మీటర్ల దూరంలో, 31 రకం ఫెరైట్ రింగులు రెండు కలిపి, కోక్సియల్ కేబులును పది పన్నెండు చుట్లు చుట్టండి, అదే చోక్. రిగ్ దగ్గర ఇంకొకటి, సప్లై ఏసీ తీగ మీద మరొకటి పెట్టండి. పది నిమిషాలు మాట్లాడాక ఆంప్లిఫయర్ ఆపి రింగును తాకి చూడండి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఇంకా రింగులు చేర్చాలి. సప్లైని హాలు దీపాల లైనులో కాకుండా, 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ ఉన్న 16 ఆంపియర్ల సాకెట్టుకు మార్చండి.

పొలంగట్టు:
చోక్ పెట్టాక నెట్‌కు రండి. రేపటి నుంచి మొదటి పది నిమిషాలు బలహీన స్టేషన్లకే ఇస్తాను. నచ్చని వారు నాకు రాయవచ్చు. అయినా నా మాట మీద నేను ఉన్నాను, ఒక యూనిట్ కోసం ఆంప్లిఫయర్ అనవసరం.

ఆరో_అంతస్తు:
అలాగైతే వారం పాటు కొన్ని సాయంత్రాలు 100 వాట్లతో, కొన్ని సాయంత్రాలు 400 వాట్లతో వస్తాను, ఏ రోజు ఏదో చెప్పను. నా కాల్‌సైన్ మొదటి పిలుపుకే అందిందా, రిలే కావలసి వచ్చిందా అన్నది మీరు రాసి పెట్టండి. వారం చివర నా పట్టిక, మీ పట్టిక రెండూ ఇక్కడే పెడదాం.

పొలంగట్టు:
ఒప్పుకుంటున్నాను. చిందులు కూడా రాస్తాను.