క్లింట్ డెంప్సీ: మిడ్‌ఫీల్డర్‌కి అన్ని గోల్స్ ఎలా వచ్చాయి?

పదోనంబర్:
అమెరికా ఫుట్‌బాల్ ఆటగాడు డెంప్సీ కెరీర్‌ని మొదటినుంచీ వరసగా చూద్దామనుకుంటున్నాను. చాలాచోట్ల మిడ్‌ఫీల్డర్ అనే రాసి ఉంది. మరి అమెరికా జట్టుకి 57 గోల్స్, లాండన్ డోనవన్‌తో సమానంగా, ఎలా కొట్టాడు? ఫుల్‌హామ్‌కి ఆడుతూ ఇటలీ క్లబ్ యువెంటస్ మీద వేసిన ఆ చిప్ (బంతిని కీపర్ తలమీదుగా లేపి వేసే షాట్) కావాలని వేసిందేనా, క్రాస్ గురితప్పి లోపలికి పోయిందా? ఇంకోటి, అతని జట్టు సియాటిల్ 2016లో ఎంఎల్ఎస్ కప్ (అమెరికా లీగ్ టైటిల్) గెలిచినప్పుడు ఫైనల్లో అతను ఎందుకు లేడు?

ఫార్‌పోస్ట్:
పొజిషన్ పేరుని పక్కన పెట్టండి. ఇంగ్లండ్ క్లబ్ ఫుల్‌హామ్‌లో కోచ్ రాయ్ హాడ్జ్‌సన్ ఆడించిన 4-4-2లో (నలుగురు డిఫెండర్లు, నలుగురు మిడ్‌ఫీల్డర్లు, ఇద్దరు స్ట్రైకర్లు) డెంప్సీ ఎక్కువగా వింగ్ నుంచి మొదలయ్యేవాడు, కానీ టచ్‌లైన్‌ని అంటిపెట్టుకునే రకం కాదు. బంతి అవతలి పక్క ఉండగా మెల్లగా లోపలికి జరిగి, ఫుల్‌బ్యాక్‌కీ (పక్కన ఆడే డిఫెండర్) సెంటర్‌బ్యాక్‌కీ (మధ్యలో ఆడే డిఫెండర్) మధ్య సందులోకి ఆలస్యంగా దూరేవాడు. సెంటర్‌బ్యాక్‌లిద్దరూ స్ట్రైకర్లని పట్టుకుని ఉంటారు. వెనకనుంచి వచ్చే మూడోవాణ్ణి ఎవరు చూసుకోవాలో తేలేలోపు బంతి వలలో ఉండేది. 2011-12లో కోచ్ మార్టిన్ యోల్ కింద ప్రీమియర్ లీగ్‌లో 17 గోల్స్, అన్ని పోటీలూ కలిపి 23. ఆ సీజన్ మ్యాచ్‌లు దొరికితే బంతిని వదిలేసి అతన్నే చూడండి. హైలైట్స్‌లో ఇది కనపడదు, ఎందుకంటే పరుగు మొదలయ్యాక గాని కెమెరా అతని మీదకి రాదు.

డోనవన్‌తో పోలిక విషయానికొస్తే, డెంప్సీకి 57 గోల్స్ 141 మ్యాచ్‌లలో, డోనవన్‌కి 157లో. అలాగని డెంప్సీయే గొప్ప అనేస్తే తప్పు. డోనవన్‌కి 58 అసిస్టులు (గోల్‌కి దారితీసిన పాస్‌లు) కూడా ఉన్నాయి, అతని పని వేరు.

ఎడమకాలు:
ఆ చిప్ కావాలని వేసిందే, నాకు అనుమానం లేదు. 2010 మార్చి 18, ఫుల్‌హామ్ మైదానం క్రేవెన్ కాటేజ్. రెండు మ్యాచ్‌ల పోరులో మొదటి లెగ్‌లో ఫుల్‌హామ్ 3-1తో ఓడింది, ఇక్కడ రెండో నిమిషంలోనే యువెంటస్ ఆటగాడు ట్రెజెగె మళ్లీ కొట్టాడు. తర్వాత వాళ్ల కన్నవారోకి రెడ్ కార్డ్, ఫుల్‌హామ్‌కి జమోరా ఒకటి, గేరా రెండు, రెండు మ్యాచ్‌లూ కలిపి స్కోరు 4-4. సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన డెంప్సీ 82వ నిమిషంలో పెనాల్టీ ఏరియా కుడి అంచున బంతి అందుకున్నాడు. గోల్‌కి సగం వీపు తిప్పి ఉన్నాడు. బంతిని కుదురుగా ఆపి, తిరుగుతూనే కుడికాలి వేళ్లని బంతి కిందకి పోనిచ్చి లేపాడు. క్రాస్ అయితే కాలు ముందుకి పూర్తిగా ఊగుతుంది. ఇక్కడ బంతి తగలగానే ఊపు తగ్గిపోయింది చూడండి. గోల్‌కీపర్ కిమెంటి లైన్ వదిలి కాస్త ముందుకి వచ్చాడు, అందుకే అవతలి పై మూల ఖాళీ.

సాధన చేసేవాళ్లు ఇక్కడే తప్పు చేస్తారు: కీపర్ లైన్ మీదే నిలబడి ఉన్నా ఇదే ప్రయత్నిస్తారు, అది చేతుల్లోకి పోతుంది. నిలిపే కాలు బంతికి బాగా దగ్గరైనా లేచే కోణం రాదు, ఓ జానెడు ఎడం ఉండాలి.

సెట్‌పీస్:
2016 సంగతి. ఆ ఆగస్టులో గుండె లయ తప్పుతోందని తేలి ఆడటం ఆపేశాడు, మిగతా సీజన్ అంతా బయటే. అప్పటికి లీగ్‌లో 17 మ్యాచ్‌లు ఆడి 8 గోల్స్ కొట్టాడు. కాబట్టి ఆ టైటిల్‌లో అతని వాటా లేదనడం అన్యాయం. 2017లో తిరిగొచ్చి కమ్‌బ్యాక్ ప్లేయర్ అవార్డు తీసుకున్నాడు, ఆ జులైలో గోల్డ్ కప్ (ఉత్తర, మధ్య అమెరికా, కరీబియన్ దేశాల పోటీ) సెమీస్‌లో కోస్టారికా మీద ఫ్రీకిక్‌తో 57వ గోల్ పూర్తిచేశాడు. ఆ డిసెంబర్ ఎంఎల్ఎస్ కప్ ఫైనల్లో ఉన్నాడు గానీ టొరంటో గెలిచింది. 2018 ఆగస్టు 29న సీజన్ మధ్యలోనే రిటైరయ్యాడు.

ప్రపంచకప్ మ్యాచ్‌లలో 2014 ఘనా మ్యాచ్‌ని మొదటి సెకను నుంచి చూడండి, ఆలస్యంగా పెడితే గోల్ అయిపోతుంది. ఎడమపక్క బీస్లీ త్రో, జెర్మైన్ జోన్స్ పాస్, డెంప్సీ ఒక్క టచ్‌తో ఘనా డిఫెండర్ జాన్ బాయ్‌ని దాటి ఎడమకాలితో నేలబారుగా కొడితే అవతలి పోస్ట్‌కి తగిలి లోపలికి. అప్పటికి అర నిమిషం గడిచిందంతే. 2006, 2010, 2014 మూడింటిలోనూ గోల్ చేసిన మొదటి అమెరికన్ పురుష ఆటగాడు అయ్యింది ఆ షాట్‌తోనే.

పదోనంబర్:
ధన్యవాదాలండీ. అయితే 2011-12 సీజన్‌తో మొదలుపెడతాను. ఆ తర్వాత ఇంగ్లండ్ క్లబ్ టోటెన్‌హామ్‌లో ఆడిన ఏడాదిని వదిలేయొచ్చా?

ఫార్‌పోస్ట్:
పూర్తిగా వదలకండి. లీగ్‌లో 7 గోల్సే, నిజమే. బదిలీ గడువు చివరిరోజు వెళ్లాడు, కొత్త జట్టుతో సీజన్‌కి ముందు సాధనే లేదు. అయినా 2012 సెప్టెంబర్‌లో మాంచెస్టర్ యునైటెడ్ మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 3-2 గెలుపు ఉంది, మూడో గోల్ అతనిదే: బేల్ షాట్‌ని కీపర్ తట్టగానే ఆ రీబౌండ్ దగ్గర అతనే ఉన్నాడు. పైన చెప్పిన ఆలస్యపు పరుగే అది.