అప్‌డేట్: పాడ్‌కాస్ట్ ట్రైలర్ సమస్య తీరింది

చీరాల నేతకారుల మీద చేస్తున్న పాడ్‌కాస్ట్‌కి రెండున్నర నిమిషాల ట్రైలర్ పెడితే జనం మొదట్లోనే ఆపేస్తున్నారని, పైగా అది ఎపిసోడ్ల అడుగున పడిపోతోందని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

"మీ పరిచయం తీసేసి అతిథి గొంతుతో మొదలుపెట్టండి" అన్న మాటే పనిచేసింది. ఇప్పుడు ట్రైలర్ 50 సెకన్లే. ముందు మగ్గం టకటక, వెంటనే ఆరేళ్ల వయసులో కండెలు చుట్టిన సంగతి చెప్పే పెద్దాయన గొంతు. ఆ గొంతులో వణుకు వింటే ఎవరూ ఆపరు. నా మాట చివర్లో, షో పేరు చెప్పడానికే.

అడుగున పడటానికి కారణం వేరే. అప్‌లోడ్‌లో ఎపిసోడ్ రకం 'ఫుల్' అని వదిలేశాను. 'ట్రైలర్'గా మార్చాక యాపిల్ పాడ్‌కాస్ట్స్‌లో పైనే కనిపిస్తోంది. కొత్త మైక్, మ్యూజిక్ ఏవీ అక్కర్లేకపోయింది.