అప్‌డేట్: కువైట్‌లో ఇరుక్కున్న మా తమ్ముడు ఇంటికొచ్చాడు

అందరికీ నమస్కారం. 2020 ఏప్రిల్‌లో అడిగాను, గుర్తుందా? మా తమ్ముడి అకామా (అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి) గడువు అయిపోయింది, పాస్‌పోర్టు కఫీల్ (పనికి పిలిపించుకున్న యజమాని) దగ్గరే ఉంది, కరోనాతో పని ఆగిపోయింది, ఎలా రప్పించుకోవాలని.

మీలో ఒకరు చెప్పినట్టే అకామా లేనివాళ్లు దేశం వదిలి వెళ్లడానికి కువైట్ ప్రభుత్వం ఇచ్చిన క్షమాభిక్షలో పేరు రాయించాడు. జరిమానా లేదు, టికెట్ ఆ ప్రభుత్వానిదే. పాస్‌పోర్టు లేకపోయినా ఇంటికి రావడానికి మన ఎంబసీ ఔట్‌పాస్ అనే కాగితం ఇచ్చింది. ఇక వచ్చేస్తాడనుకున్నాం. కానీ మార్చి 22 నుంచే మన దేశంలోకి విమానాలు ఆపేశారు కదా! క్షమాభిక్షలో పేరు రాయించిన వాళ్లందరినీ అక్కడే శిబిరంలో పెట్టారు. అక్కడ గదికి చాలామంది. దగ్గు వినిపిస్తే చాలు, రాత్రంతా నిద్ర పట్టేది కాదట. ఫోన్లో మాత్రం "బాగున్నా అక్కా, నువ్వు టెన్షన్ పడకు" అనేవాడు. అమ్మ ఆ మాట నమ్మలేదు. నేనూ నమ్మలేదు.

మే 7న, విదేశాల్లో ఇరుక్కున్న మనవాళ్లను తెచ్చే వందే భారత్ విమానాలు మొదలయ్యాయి. నెలాఖరులో గన్నవరంలో దిగాడు. క్వారంటైన్ పూర్తి చేసుకుని రాయచోటి చేరాడు. ఎనిమిది కిలోలు తగ్గాడు. గడపలో నిలబడితే అమ్మ ఒక్క క్షణం గుర్తుపట్టలేదు.

మూడు నెలల జీతం మాత్రం రాలేదు. విమానం ఎక్కే తొందరలో సంతకం చేసిన కాగితాల నకళ్లు కూడా తెచ్చుకోలేదు. మీవాళ్లు ఎవరైనా ఇంకా అక్కడుంటే, జీతం స్లిప్పులు, కాంట్రాక్టు ఫొటోలు తీసి ఇప్పుడే వాట్సాప్‌లో పంపమనండి. మేం మదద్ పోర్టల్‌లో (విదేశాల్లో ఉన్న మనవాళ్ల సమస్యల కోసం మన విదేశాంగ శాఖ నడిపే వెబ్‌సైట్) ఫిర్యాదు పెట్టాం. జవాబు కోసం చూస్తున్నాం.