పది రోజుల జపాన్ ట్రిప్‌తో లీడర్‌షిప్ వస్తాదా?

పట్టుకొట్టు_బరంపురం:
అందరికీ నమస్కారం. మావాడు విశాఖలో ఎంబీఏ రెండో ఏడు. కాలేజీ వాళ్ళు జపాన్‌కి పది రోజుల స్టడీ ట్రిప్ పెట్టారు, పేరు గ్లోబల్ లీడర్‌షిప్ ఇమ్మర్షన్ అట, రెండు లక్షల పైమాటే, వీసా ఖర్చు వేరే. కంపల్సరీ కాదంటారు గానీ వెళ్ళనోళ్ళకి ఇక్కడే ఏదో ప్రాజెక్టు ఇస్తారట, అది చెప్పినప్పుడు వాళ్ళ మాట తీరు నాకు నచ్చలేదు. మా పట్టుచీరల కొట్టుకి ఈసారి పెళ్ళిళ్ళ సీజన్ అంతంతమాత్రం. పంపాలా వద్దా?

కిమిడి_మిల్లు:
వద్దు. ఆ డబ్బు బ్యాంకులో వెయ్యి. పదిమందిని నడిపించడం రావాలంటే నీ కొట్లోనే ఒక దసరా సీజన్ గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టు చాలు.

గోపాల్‌పూర్_గాలి:
అదేటి బాబాయ్, మీ పక్క బరంపురంలో పుట్టిన వి.వి.గిరి గారు లేరా? 1913లో ఐర్లండ్‌లోని డబ్లిన్‌కి లా చదవడానికి వెళ్ళారు, ఆ ఏడే అక్కడ యూనియన్‌లో చేరిన కూలీల్ని యజమానులు పనిలోకి రానీకుండా గేట్లు మూసీశారు, నెలల తరబడి గొడవ. ఆ గాలిలో చదువుకున్నాయన తిరిగొచ్చి రైల్వే కార్మికుల సంఘాలు నడిపారు, 1969లో రాష్ట్రపతి అయ్యారు. బయటకి వెళ్ళకపోతే మామూలు వకీలుగా ఉండిపోయేవారు.

కిమిడి_మిల్లు:
మూడేళ్ళు ఉన్నాడాయన! పది రోజులు కాదు. 1916లో ఐర్లండ్ వాళ్ళు బ్రిటిష్ పాలన మీద తిరగబడ్డాక బ్రిటిష్ వాళ్ళు ఈయన్ని దేశం వదిలి పొమ్మన్నారు. మీ కాలేజీ ట్రిప్పులో ఎవడినైనా పొమ్మంటారా? హోటల్ వాడు చెకౌట్ టైముకి పొమ్మంటాడు, అంతే.

జయపురం_జె:
బాబాయ్ ఫుల్ ఫామ్‌లో ఉన్నారు

రాయగడ_రమణి:
నేను చదివిన చోట మమ్మల్ని ఇలాగే సింగపూర్ తీసుకెళ్ళారు, కాలేజీ పేరు చెప్పను. కంపెనీ విజిట్ అంటే ఏసీ గదిలో ఒక పీపీటీ, గ్రూప్ ఫోటో, కీచైను. మిగతాదంతా షాపింగే. టీమ్ లీడర్‌గా ఎవర్ని పెట్టారో తెలుసా, కమిటీ మెంబరు గారి అబ్బాయిని! దారంతా మా పాస్‌పోర్టులు లెక్కపెట్టింది నేను, సర్టిఫికెట్లో లీడర్ అతను. అందుకే ఒకటి అడగండి, వెళ్ళేముందు పిల్లలకి ఆ దేశం కంపెనీది నిజమైన సమస్య ఏదైనా ఇస్తారా? హార్వర్డ్ బిజినెస్ స్కూల్ 2011లో ఫీల్డ్ అని మొదలెట్టిన కోర్సులో పిల్లలు ముందు తమ కాలేజీ నుంచే వేరే దేశం కంపెనీ ప్రశ్న ఒకదాని మీద పని చేస్తారు, ఆఖర్న ఒక వారం వెళ్ళి అక్కడి కస్టమర్లతో మాట్లాడి సరి చూసుకుంటారు. ట్రిప్ చిన్నదే, దాని వెనక పని పెద్దది.

పట్టుకొట్టు_బరంపురం:
అడిగాను అమ్మా. ఫ్యాక్టరీ విజిట్లు, ఒక గుడి, బుల్లెట్ ట్రైన్ అని పేపరిచ్చారు.

సూరత్_తమ్ముడు:
మా గంజాం పిల్లలు సూరత్ పవర్‌లూమ్‌లో పన్నెండు గంటల షిఫ్ట్ చేస్తారు, భాష రాదు, ఒక్క గదిలో వంతులేసుకుని పడుకుంటారు. నేనూ అలాగే వెళ్ళాను, ఇప్పుడు నా కింద ఒక షెడ్డు నడుస్తోంది. నాకు ఏ ఇమ్మర్షన్ సర్టిఫికెట్టూ ఇవ్వలేదు మరి

గోపాల్‌పూర్_గాలి:
నీది కష్టం తమ్ముడూ, కాదనను, కానీ అది వేరే విషయం. అందరూ ఫ్యాక్టరీ విజిట్ అంటే నవ్వుతున్నారు గానీ టొయోటాలో ఏం చూస్తారో తెలుసా? కార్లు బిగించే లైన్ మీద పనిచేసే మామూలు కార్మికుడు తేడా కనిపిస్తే తాడు లాగుతాడు, టీమ్ లీడర్ పరిగెత్తుకొస్తాడు, బండి ఆ చోటు దాటేలోగా సర్దలేకపోతే లైన్ మొత్తం ఆగిపోతుంది. తప్పు చూపించినోడి మీద అరవరు. మన దగ్గర కుర్రాడు తప్పు చెప్తే ఏమవుతాదో మీకు తెలుసు. అది ఒక్కసారి కళ్ళతో చూసినా చాలు.

కిమిడి_మిల్లు:
ఇప్పుడు చాలాచోట్ల తాడు లేదు, బటనే. పైగా చూడ్డానికొచ్చినోళ్ళని పైన వంతెనలాంటి దాని మీద నడిపిస్తారు, కింద మాట్లాడేది వినపడదు. యూట్యూబ్‌లో ఇంకా దగ్గరగా కనిపిస్తాది.

గోపాల్‌పూర్_గాలి:
తాడా బటనా అన్నదా ఇప్పుడు గొడవ? గిరి గారు ఎన్నేళ్ళు, బండి ఎక్కడ ఆగుతాది, ఇవే పట్టుకుని వేలాడతారు. పక్కవాడి కొడుకు విమానం ఎక్కితే మీకెందుకు బాబాయ్ అంత మంట, సూటిగా చెప్పండి.

కిమిడి_మిల్లు:
చెప్తాను విను. మావాణ్ణీ పంపాను ఇలాంటి ట్రిప్పుకే. వచ్చాక మిల్లు గుమ్మం తొక్కలేదు. ఊక దుమ్ము అట, లేబర్‌తో గొడవలట, ఇక్కడ స్కోప్ లేదట. ఇప్పుడు పుణెలో ఎవరి కిందో ఉద్యోగం, లీడర్ అట లీడర్! మిల్లులో నలభైమంది ఉన్నారు, వాళ్ళకి లీడర్ అక్కర్లేదా? పర్లాకిమిడిలో మిగిలింది మేం ముసలాళ్ళమే.

పట్టుకొట్టు_బరంపురం:
బాబాయ్ గారూ, ఏమీ అనుకోకండి. మీరు దేనికి భయపడుతున్నారో నేను దానికోసమే పంపుదామనుకుంటున్నా. వాడు నా కొట్టుకి తిరిగి రాకూడదు. మన పట్టుకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి సరుకే అన్న ముద్ర, వచ్చింది, సంతోషమే, కొనేవాళ్ళు మాత్రం ఫోన్‌లో చవక చీర చూపించి ఇదే రేటుకి ఇమ్మంటున్నారు. ఇక్కడ ఒరిస్సాలో మనం తెలుగోళ్ళం, విశాఖ వెళ్తే ఒరిస్సా వాళ్ళం. వాడైనా ఎక్కడో ఒకచోట కుదురుకోవాలి.

కిమిడి_మిల్లు:
మరి ఆ మాట ముందే చెప్పొచ్చు కదా నాయనా, లీడర్‌షిప్ అని మొదలెట్టి ఇంతసేపు మా చేత వాగించావు. అందరూ ఇలా పంపించీసుకుంటే కొట్లు ఎవరు నడుపుతారు, గిరి గారి విగ్రహమా?

రాయగడ_రమణి:
అన్నయ్యా, బయట కుదురుకోడానికే అయితే ఈ ట్రిప్ అసలే దండగ, టూరిస్టులా వెళ్ళొచ్చినోడికి అక్కడ ఉద్యోగం ఎవరిస్తారు? జపనీస్ భాష పరీక్ష ఎన్5 నుంచి ఎన్1 దాకా ఐదు మెట్లు, జులైలో డిసెంబర్లో పెడతారు. అక్కడి ఆఫీసు ఉద్యోగాలకి చాలావరకు ఎన్2 అడుగుతారు. దానికి ఏడాది పైనే పడుతుంది గానీ ఖర్చు ఇందులో సగం కూడా అవ్వదు.

గోపాల్‌పూర్_గాలి:
నేనైతే ట్రిప్పుకే పంపుతాను. భాష తర్వాతైనా నేర్చుకోవచ్చు.

పట్టుకొట్టు_బరంపురం:
రమణమ్మా, ఆ క్లాసులు విశాఖలో ఎక్కడ చెప్తారో తెలిస్తే పెట్టు. ఆన్‌లైన్ అంటే వాడు కూర్చోడు. ట్రిప్పుకి అడ్వాన్స్ సోమవారం లోపు కట్టాలట.