అప్‌డేట్: ఇంగ్లండ్‌లో డిమెన్షియా, కౌన్సిల్ సాయం

డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న పెద్దవాళ్లని ఇంట్లోనే ఉంచుకుని చూసుకుంటే కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వ సంస్థ) ఏమైనా సాయం ఇస్తుందా అని ఇంతకుముందు అడిగాను. ఇస్తుంది. 2014 కేర్ యాక్ట్ (సంరక్షణ చట్టం) కింద పేషెంటుకో అసెస్‌మెంటు, అంటే ఏ సాయం అవసరమో కౌన్సిల్ చేసే పరిశీలన, చూసుకునేవాళ్లకి విడిగా కేరర్స్ అసెస్‌మెంటు. రెండోది పేరుపెట్టి అడగండి. పేషెంటు పొదుపు 23,250 పౌండ్లు దాటితే ఖర్చు సొంతంగా పెట్టుకోవాలి. ఇంట్లో ఉన్నంతకాలం ఇంటి విలువ మాత్రం లెక్కలోకి రాదు.

అసలు చిక్కు పేషెంటు అసెస్‌మెంటు జరిగే రోజే. "నా పనులన్నీ నేనే చేసుకుంటా" అంటారు పెద్దవాళ్లు, కౌన్సిల్ నుంచి వచ్చినవాళ్లు అదే రాసుకుంటారు. అందుకే రాత్రి ఎన్నిసార్లు లేచారో, స్టవ్ ఎప్పుడు ఆర్పకుండా వదిలేశారో తేదీలతో రాసి ముందే పంపండి.

చాలామంది వదిలేసుకునేది కౌన్సిల్ ట్యాక్స్ (ఇంటిమీద కౌన్సిల్‌కి కట్టే పన్ను) తగ్గింపు. డాక్టరు సర్టిఫికెట్‌తో పాటు అటెండెన్స్ అలవెన్స్ (సంరక్షణ అవసరమైన పెద్దవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే భత్యం) లాంటిదానికి అర్హత ఉంటే ఈ పన్ను కోసం పేషెంటును లెక్కించరు. ఇంట్లో పేషెంటు కాక ఇంకో వయోజనులు ఒక్కరే ఉంటే పన్ను 25 శాతం తగ్గుతుంది. ఈ తగ్గింపును పాత తేదీ నుంచి వర్తింపజేయమని కూడా అడగండి.